సమానులమని వ్రాసికొన్నంత మాత్రమున

మోటారుకార్ల కంపెనీలు రెండు కలిసినప్పుడెల్ల ఆ వార్తను శుభలేఖవలె ప్రకటించుట పరిపాటి. కొన్నియేండ్లకు ఎడబాటు వార్తయు వచ్చును. కారణమేమని యడిగినచో, జర్మనుల తీరు వేరు, అమెరికనుల తీరు వేరు, ఆచారములు పొసగలేదని పండితులు సెలవిత్తురు. ఇది సోమరి సమాధానము. ఒప్పందము సత్యమైనచో ఆచారభేదములు కాలక్రమమున సర్దుకొనును. ఒప్పందమే అసత్యమైనప్పుడు?

1998లో జర్మనీ దేశపు డైమ్లరు-బెంజియు, అమెరికా దేశపు క్రైస్లరును ఏకమైనవి. "సమానుల కలయిక" యని లోకమునకు చాటిరి. అధ్యక్షులిద్దరు, ప్రధాన కార్యస్థానములు రెండు. కాని వాటాలలో నూటికి 57 వంతులు డైమ్లరువారివి. కంపెనీ జర్మనీ శాసనమునకు లోబడినది. క్రైస్లరు పక్షమున అధ్యక్షుడైన ఈటను 2000లో వైదొలగెను. ఆ సంవత్సరము అక్టోబరులో రెండవ అధ్యక్షుడు ష్రెంప్ ఒక లండను పత్రికతో ఏమనెనో వినుడు: క్రైస్లరును ఒక శాఖగా నుంచుటయే తన మొదటి తలంపట, ముందే చెప్పియుండినచో అవతలివారు ఒప్పుకొనియుండరట! ఇరువదియేండ్లుగా భాగస్వామ్యపు వ్యాజ్యములు నడపుచున్న మాకు ఇంత బాహాటమైన ఒప్పుకోలు ఏ ప్రతివాది నోటను వినబడలేదు.

వాటాదారులు దావా వేసిరి. 2003లో కంపెనీ 30 కోట్ల డాలర్లిచ్చి రాజీపడెను. వేరుగా పోరాడిన కోటీశ్వరుడు కెర్కోరియను 2005లో ఓడిపోయెను. మోసము రుజువు కాలేదని కోర్టు తలచెను. వాటాదారులకు కోర్టైనను కలదు. 2001 ఆరంభమున క్రైస్లరులో తీసివేయ నిశ్చయించిన 26,000 ఉద్యోగముల మాట యెవరడుగవలెను? సమానత్వము ఆ కార్మికుల యింటి గుమ్మము దాటి లోనికి వచ్చెనా? పరస్పరము భాగములు వాడుకొని ఖర్చు తగ్గింతుమనిరి. కాని తమ పేరు పలుచనగునని మెర్సిడిస్ వారు చాలకాలము చేయి ముడుచుకొనిరి. సుమారు 3,600 కోట్ల డాలర్ల కలయిక 2007లో ముగిసెను. నూటికి 80 వంతులు 740 కోట్లకు పరుల పాలయ్యెను. అందులోను అధికభాగము క్రైస్లరు ఖర్చులకే పోయెను. 2009లో క్రైస్లరు దివాలా దరఖాస్తు పెట్టుకొనెను.

మారుతీ మూలమున మనకు చుట్టమైన సుజుకీ కథయు నిట్టిదే. 2009లో ఫోక్స్‌వాగన్ నూటికి 19.9 వంతుల వాటా కొనుటకు ఒప్పందము కుదిరెను. స్వతంత్రులమై సహకరింతుమనిరి. పిమ్మట ఫోక్స్‌వాగన్ తన వార్షిక నివేదికలో సుజుకీపై తనకు గణనీయమైన పలుకుబడి కలదని వ్రాసికొనెను! 2011లో సుజుకీ తెగతెంపులు కోరెను. సుజుకీ నిర్దోషియని మేమనము. మధ్యవర్తులు దానియందును కొంత ఒప్పందభంగమును కనుగొనిరి. అయినను 2015లో వాటాను తిరిగి అమ్మివేయుమని ఫోక్స్‌వాగనునే యాజ్ఞాపించిరి.

2024 డిసెంబరులో హోండా, నిస్సాన్ కంపెనీలు కలయికకై చర్చలారంభించినవి. నిస్సానును తన క్రింది కంపెనీగా చేసికొందునని హోండా ముఖముననే చెప్పెను. నిస్సాన్ లేచిపోయెను, 2025 ఫిబ్రవరిలో చర్చలు ముగిసినవి. సంబంధము చెడెనని కొందరు విచారించిరి. మేము విచారింపము. ఈ మాట 1998లో ష్రెంప్ చెప్పవలసియుండెను.