మొదలుపెట్టిన కథను ముగించండి

ఫాంటసీ నవలలు చదివేవాళ్ళకూ, వాటిని తెర మీద చూసేవాళ్ళకూ, తీసేవాళ్ళకూ ఒక అభిమాని విన్నపం

2025 మే నెలలో అమెజాన్ సంస్థ 'ది వీల్ ఆఫ్ టైమ్' సిరీస్‌ను ఆపేసింది. అప్పటికి వచ్చినవి 3 సీజన్లు, 24 ఎపిసోడ్లు. మూల నవల 14 సంపుటాలు. మూడో సీజన్ ప్రధానంగా నాలుగో సంపుటం మీద నడిచింది. రాండ్ అనే పల్లెటూరి కుర్రాడు ఎప్పటికైనా లోకాన్ని నిలబెట్టే చివరి యుద్ధం చెయ్యాలని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. ఆ యుద్ధం రాకుండానే సిరీస్ పోయింది. తెలుగులో కూడా డబ్ చేసి వదిలారు కనుక మన ఇళ్ళలోనూ దాన్ని ఇష్టంగా చూసినవాళ్ళున్నారు. వాళ్ళందరికీ కథ ఎడారిలో, ఐయల్ తెగల ఎదుట రాండ్ నిలబడ్డ చోటే తెగిపోయింది.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. పెద్ద ఫాంటసీ నవలను తెరకెక్కించే ఏ సంస్థ అయినా తొలి ఎపిసోడ్ మన ముందు పెట్టకముందే ముగింపుకు పూచీ పడాలి. ఆ పూచీ కాగితం మీద ఉండాలి. దానికి కావలసిన డబ్బు పక్కన పెట్టి ఉండాలి. అలాంటి పూచీ లేకపోతే ఆ సంగతైనా మనకు ముందే చెప్పాలి.

డిటెక్టివ్ సిరీస్ మధ్యలో ఆగిపోతే పెద్ద నష్టం లేదు. ఏ వారం హంతకుడు ఆ వారమే దొరుకుతాడు. ఫాంటసీ అలా కాదు. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో లాగా ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పడేయాలని మొదట్లో చెప్పాక, పడేసేదాకా చూపించి తీరాలి. పైగా ఆ లోకాన్ని అర్థం చేసుకోవడానికి చూసేవాడు చాలా శ్రమ పడతాడు. 'వీల్ ఆఫ్ టైమ్'లో ఏయిస్ సెడై అనే మాంత్రికురాళ్ళు ఎవరు, వాళ్ళలో ఏడు వర్గాలేమిటి, ఒక్కొక్క వర్గం పని ఏమిటి, మగవాళ్ళు వాళ్ళ మంత్రశక్తిని తాకితే పిచ్చెందుకు ఎక్కుతుంది, ఇదంతా నేర్చుకునేది చివర్లో దాని ఫలం చూద్దామనే. ఆ పిచ్చికి విరుగుడు నవలలో తొమ్మిదో సంపుటంలో దొరుకుతుంది. సిరీస్ అంత దూరం రానేలేదు. అంటే రోగం చూపించారు, మందు చూపించలేదు. సిరీస్ మాత్రమే చూసినవాళ్ళకు రాండ్ కథంటే ఇప్పటికీ భయమే తప్ప ఊరట లేదు.

ఈ నవల విషయంలో ఇది మరీ బాధిస్తుంది. రాసినాయన ముగింపు కోసం ఎంత తపించాడో తెలిసినవాళ్ళకు ఇంకా బాధిస్తుంది. రాబర్ట్ జోర్డాన్ మొదటి సంపుటాన్ని 1990లో వెలువరించాడు. పదకొండు సంపుటాలు వచ్చాక, అరుదైన జబ్బు తన గుండెను పట్టుకుందని 2006లో పాఠకులకు చెప్పాడు. 2007 సెప్టెంబరులో పోయాడు. ఆ మిగిలిన కొద్దికాలంలో ఆయన చేసిన పని, మిగతా కథను ఇంట్లోవాళ్ళకు చెప్పడం, దాన్ని రికార్డు చేయించడం, నోట్సు సిద్ధం చేయడం. చివరి సన్నివేశాన్ని తన చేత్తో రాసిపెట్టి వెళ్ళాడు. ఆయన భార్య హేరియట్ మెక్‌డూగల్ ఆయన నవలలకు ఎడిటర్ కూడా. ఆవిడ బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయితను వెతికి పట్టుకుని పని అప్పగించింది. ఒక్క పుస్తకంలో అయిపోతుందనుకున్నది మూడు పుస్తకాలైంది. 2009లో ఒకటి, 2010లో ఒకటి, 2013లో చివరిది వచ్చాయి. ఆ చివరి సంపుటంలో యుద్ధం జరిగే ఒక్క అధ్యాయమే ఒక నవలంత పొడుగు. పాఠకులకు ఇచ్చిన మాట చావుతో కూడా తప్పిపోకూడదని ఒక మనిషి అనుకున్నాడు, ఆయన మనుషులు ఆ మాట నిలబెట్టారు.

తెలుగువాళ్ళం ఈ పట్టుదలను మన సాహిత్యంలోనే చూశాం. నన్నయ అరణ్యపర్వంలో ఆపిన భారతాన్ని తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా చెప్పాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూరించాడు. 11వ శతాబ్దంలో మొదలైన పని 14వ శతాబ్దంలో గానీ నిండలేదు. అయినా సగం భారతంతో ఎవరూ సరిపెట్టుకోలేదు.

ఇక సగంలో ఆగితే కథకు ఏమవుతుందో చూడాలంటే ఫిలిప్ పుల్‌మన్ నవలాత్రయం 'హిజ్ డార్క్ మెటీరియల్స్'కు మించిన ఉదాహరణ లేదు. 1995, 1997, 2000 సంవత్సరాల్లో మూడు పుస్తకాలూ వచ్చేశాయి. 2007లో న్యూ లైన్ సంస్థ మొదటి పుస్తకాన్ని 'ది గోల్డెన్ కంపాస్' పేరుతో సినిమాగా తీసింది. ఆ పుస్తకం చివర్లో లైరా అనే పిల్ల, తన స్నేహితుడు రోజర్‌ను వెంటబెట్టుకుని తండ్రి దగ్గరికి వెళ్తుంది. తండ్రి ఇంకో లోకానికి దారి తెరవడం కోసం ఆ పిల్లవాణ్ణి బలి పెడతాడు. తనే తెచ్చి అప్పగించానన్న బరువుతో లైరా ఆ దారిలో అడుగు పెడుతుంది. నవల గుండెకాయ అది. సినిమావాళ్ళు ఆ భాగం చిత్రీకరించి కూడా తీసేశారు, రెండో సినిమా మొదట్లో పెడదాం అనుకున్నారు. లైరా తండ్రి దగ్గరికి ఆశగా ప్రయాణం కట్టడంతో సినిమా ముగిసింది. అమెరికాలో ఆశించినంత వసూళ్ళు రాలేదు, రెండో సినిమా రానే లేదు. దాంతో ఆ సినిమాలో ఆ తండ్రి ఎప్పటికీ మంచివాడే, రోజర్ ఎప్పటికీ బతికే ఉన్నాడు. ముగింపు ఒక్కటి లేకపోయేసరికి కథ అర్థమే తలకిందులైంది.

అదే నవలను బీబీసీ, హెచ్‌బీఓ కలిసి 2019 నుంచి 2022 వరకు మూడు సీజన్లుగా తీశాయి. పుస్తకానికి ఒక సీజన్. కోవిడ్ వల్ల రెండో సీజన్‌లో ఒక ఎపిసోడ్ తగ్గింది కానీ కథ ఆగలేదు. చివర్లో లైరా, ఆమె ప్రేమించిన విల్ ఆక్స్‌ఫర్డ్ తోటలోని బెంచీ దగ్గర విడిపోయే దృశ్యం దాకా వచ్చారు. ఈ సిరీస్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటి సీజన్ కొన్నిచోట్ల నత్తనడక నడిచింది. కానీ ఈ రోజున ఎవరైనా ఆ నవల చదవడానికి తీరిక లేదు, చూస్తాం అంటే ధైర్యంగా చెప్పగలిగేది ఈ సిరీస్ పేరే.

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సంగతి కూడా ఇలాంటిదే. 1978లో రాల్ఫ్ బాక్షీ యానిమేషన్ సినిమా తీశాడు. అది సగం కథ దగ్గర ఆగింది, సగమే చూపిస్తున్నామని పేరులో కూడా చెప్పలేదు, ఆయన రెండో భాగం తీసే వీలూ కలగలేదు. ఆ తర్వాత పీటర్ జాక్సన్ వచ్చాడు. 1999 అక్టోబరులో న్యూజిలాండ్‌లో మూడు సినిమాలకూ కలిపి ఒకేసారి షూటింగు మొదలుపెట్టాడు. మొదటి సినిమాకు ఒక్క టిక్కెట్టు కూడా తెగకముందే మూడింటికీ డబ్బు పెట్టిన సంస్థ న్యూ లైన్. అదే న్యూ లైన్ తర్వాత గోల్డెన్ కంపాస్‌ను ఒక సినిమాతో వదిలేసింది. మొదటిసారి ముగింపుకు ముందే కట్టుబడ్డారు, రెండోసారి వసూళ్ళు చూసి నిర్ణయిద్దామనుకున్నారు. ఇంతే తేడా. మూడో సినిమాకు 11 ఆస్కార్లు వచ్చాయి.

మన 'బాహుబలి' మొదటి భాగం 2015లో కట్టప్ప ప్రశ్నతో ఆగితే ఎవరూ అలగలేదు. ఆ సినిమా పేరులోనే 'ది బిగినింగ్' అని ఉంది. రెండేళ్ళు ఎదురుచూశాం, 2017లో జవాబు వచ్చింది. ప్రేక్షకుడు ఎదురుచూడడానికి ఎప్పుడూ సిద్ధమే. వస్తుందన్న నమ్మకం ఉండాలి.

ముగించమంటే ఎలాగోలా చేతులు దులుపుకోమని అర్థం కాదు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఆ తప్పు చేసింది. దానికి మూలమైన జార్జ్ మార్టిన్ నవలల్లో అయిదు వచ్చాయి, అయిదోది 2011లో. ఆరోది ఇంకా రాలేదు. సిరీస్ ఆ పుస్తకాలను దాటి ముందుకు పోయింది. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు ఇచ్చినవాళ్ళు ఏడో సీజన్‌కు 7, ఎనిమిదో సీజన్‌కు 6 ఇచ్చి 2019లో ముగించారు. నాయిక డెనేరిస్ నగరాన్ని కాల్చేయడం అసాధ్యమని నేననను, ఆ విత్తనం మొదటి నుంచీ ఉంది. అది మొలిచి పెరగడానికి చోటు లేకుండా చేశారు. ఆఖరి సీజన్‌ను మళ్ళీ తీయమని 15 లక్షలకు పైగా జనం సంతకాలు పెట్టారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది, కానీ అయిపోయినదాన్ని మళ్ళీ తీయమంటే తీసే నాథుడు ఉండడు. మన బలం మొదలుకాకముందు అడగడంలో ఉంది.

అభిమానుల్లో ఇంకో తగాదా ఉంది. నవలలో ఉన్నది ఉన్నట్టు తీయలేదన్న తగాదా. నేను అందులో మధ్యస్థుణ్ణి. జాక్సన్ టామ్ బొంబడిల్ అనే పాత్రను పూర్తిగా వదిలేశాడు, హాబిట్లు తిరిగొచ్చి తమ ఊరిని దుండగుల నుంచి విడిపించుకునే అధ్యాయాన్నీ వదిలేశాడు. రెండోది పోవడం నాకు ఇప్పటికీ లోటే. 'వీల్ ఆఫ్ టైమ్' తొలి ఎపిసోడ్‌లో రాండ్ స్నేహితుడు పెరిన్‌కు నవలలో లేని భార్యను పెట్టి అతని చేతిలోనే చంపించారు. అది నాకు నచ్చలేదు. అయినా ఇవన్నీ కూర్చుని వాదించుకోగలిగినవి. మార్పు మంచిదో చెడ్డదో తేలేది కూడా కథ చివరికి వచ్చాకే. ఆపేసిన కథలో ఆ వాదానికి కూడా తావు లేదు.

ఖర్చు ఎక్కువ, ఎవరు చూస్తారో తెలియదు, పదేళ్ళకు ముందే ఎలా మాట ఇస్తాం అని సంస్థలు అంటాయి. ఇది తేలిగ్గా తోసిపుచ్చే మాట కాదు. కానీ ఇప్పటి పద్ధతి వాళ్ళకే నష్టం చేస్తోంది. ఒక సీజన్ చూసి ఇంకో సీజన్ నిర్ణయించడం, మధ్యలో పెద్ద ఎడం రావడం మామూలైపోయింది. 'వీల్ ఆఫ్ టైమ్' మొదటి సీజన్ 2021 నవంబరులో వచ్చింది, రెండోది 2023 సెప్టెంబరులో, మూడోది 2025 మార్చిలో. ఆ ఎడంలో పేర్లు మరుస్తాం, ఎవరు ఎవరికి శత్రువో మరుస్తాం, కొందరు తిరిగి రారు. ఇంతకు ముందు దెబ్బతిన్నవాళ్ళయితే అసలు మొదలే పెట్టరు, మొత్తం వచ్చాక చూద్దాంలే అంటారు. చూసేవాళ్ళు తగ్గారని సంస్థ ఆపేస్తుంది. ఆపేస్తుందని తెలిసి చూసేవాళ్ళు ఇంకా తగ్గుతారు. ఈ చక్రాన్ని ఆపగలిగేది పెట్టుబడి పెట్టేవాళ్ళే, ముందుగా మాట ఇచ్చి.

పదేళ్ళకు మాట ఇవ్వలేనివాళ్ళు చిన్న కథ ఎంచుకోవచ్చు. మార్టిన్‌దే 'ది హెడ్జ్ నైట్' చిన్న నవల, ఒక్క సీజన్‌లో చక్కగా ఒదుగుతుంది, హెచ్‌బీఓ ఆ పనే చేసింది. 'ఎ సీరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్' 13 పుస్తకాలను నెట్‌ఫ్లిక్స్ మూడు సీజన్లలో 2019 నాటికి పూర్తి చేసింది. హ్యారీ పోటర్ కొత్త సిరీస్‌ను 2023లో ప్రకటించినప్పుడే పదేళ్ళ పని అని చెప్పారు. అనడం ఒకటి, నిలబెట్టుకోవడం ఒకటి, అయినా అలా మొదలుపెట్టడమే సరైన పద్ధతి. ఎంత ప్రయత్నించినా ఆపక తప్పనప్పుడు, కథను ముగించే ఒక్క పెద్ద ఎపిసోడ్‌కు డబ్బు మొదటి రోజునే విడిగా ఉంచాలి. 'సెన్స్8' ఆగిపోయాక అభిమానులు గట్టిగా అడిగితే నెట్‌ఫ్లిక్స్ 2018లో రెండున్నర గంటల ముగింపు తీసి ఇచ్చింది. అడిగితే వచ్చినది, అడగకుండానే ఇచ్చే నియమం కావాలి.

తెలుగులో డబ్ చేసే సంస్థలను ప్రత్యేకంగా ఒకటి అడుగుతున్నాను. ఇంగ్లీషు చదివేవాళ్ళు సిరీస్ ఆగినా పుస్తకం కొనుక్కుని మిగతాది తెలుసుకుంటారు. తెలుగులో మాత్రమే చూసిన పెద్దవాళ్ళూ, పిల్లలూ ఎక్కడికి పోతారు? వాళ్ళ నుంచీ చందా తీసుకున్నారు కదా. ఆపేసిన సిరీస్ మిగతా కథను హక్కుదారుల అనుమతితో, మంచి గొంతుతో, తెలుగులో కొన్ని గంటల ఆడియోగా వినిపించండి. సెట్లు అక్కర్లేదు, గ్రాఫిక్స్ అక్కర్లేదు. ప్రచురణకర్తలు కూడా ఈ నవలలకు తెలుగు అనువాదాలు, కనీసం సంక్షిప్త అనువాదాలు తేవడం గురించి ఆలోచించాలి.

కథ వినే హక్కు మన పాఠకులకు తెలియనిది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీ మజిలీ కథలు'లో మణిసిద్ధుడి వెంట కాశీకి బయలుదేరిన పశువుల కాపరి, మజిలీ మజిలీకీ కథ చెబితేనే నడుస్తానని షరతు పెడతాడు. ఆ షరతు మీద పన్నెండు భాగాలు నడిచాయి. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ' సీరియళ్ళను నెలనెలా రాశారు. పత్రికలో ఆయన పేరు కూడా ఉండేది కాదు. కథ మాత్రం ప్రతిసారీ చివరికి చేరింది.

మనం చేయాల్సినవి కూడా ఉన్నాయి. కొత్త సిరీస్ ప్రకటించగానే ఎన్ని సీజన్లు, ఎక్కడిదాకా అని ఆ సంస్థకు రాసి అడగండి. నచ్చిన సిరీస్‌ను సగంలో వదలక చివరి ఎపిసోడ్ దాకా చూడండి, పూర్తిగా చూసినవాళ్ళు ఎందరో సంస్థలు లెక్క పెట్టుకుంటాయి. పుస్తకం చదివినవాళ్ళు మీ ఊరి గ్రంథాలయంలో ఒక సాయంత్రం కూర్చుని మిగతా కథను చదవనివాళ్ళకు చెప్పండి. 2018లో 'ది ఎక్స్‌పాన్స్' సిరీస్‌ను ఒక చానల్ వదిలేస్తే అభిమానులు విమానానికి బ్యానరు కట్టి అమెజాన్ స్టూడియో మీదుగా ఎగరేశారు. అమెజాన్ దాన్ని తీసుకుని ఇంకో మూడు సీజన్లు తీసింది.

ఇప్పుడు అడగవలసిన కథ ఒకటి మన ముందే ఉంది. సి. ఎస్. లూయిస్ 'నార్నియా' నవలలు ఏడు. బీబీసీ 1988 నుంచి 1990 వరకు నాలుగింటిని తీసి ఆపింది. 2005, 2008, 2010లలో మూడు సినిమాలు వచ్చి ఆగాయి. 1956లో వచ్చిన ఏడో పుస్తకం 'ది లాస్ట్ బ్యాటిల్' ఆ రెండు ప్రయత్నాల్లోనూ తెరకెక్కలేదు. 2018లో నెట్‌ఫ్లిక్స్ ఏడు పుస్తకాల హక్కులూ తీసుకుంది. గ్రెటా గెర్విగ్ 'ది మెజీషియన్స్ నెఫ్యూ'తో మళ్ళీ మొదలుపెడుతోంది. ఏడో పుస్తకం దాకా వెళ్తారా అని వాళ్ళకు ఇప్పుడే రాయండి. తెలుగులో చూస్తాం కనుక తెలుగులోనే రాయండి.