సిపాయి పింఛను వెనుక సామాజిక చరిత్ర

సైనికోద్యోగం గురించి మాట్లాడేటప్పుడు దేశభక్తి ముందుకు వస్తుంది, జీతభత్యాలు వెనక్కి పోతాయి. కులం ప్రస్తావన అసలే రాదు. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించినప్పుడూ ఇదే జరిగింది. మూడు రోజులకే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ఆందోళన హింసాత్మకమై, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు మరణించాడు. ఆ ఘటనను శాంతిభద్రతల సమస్యగా చూసినవారు ఎక్కువ. ఆ యువకులు ఏం కోల్పోతున్నారని అడిగినవారు తక్కువ.

ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. డాక్టర్ అంబేడ్కర్ 1891లో మౌ సైనిక స్థావరంలో జన్మించారు. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్ హోదాకు ఎదిగి, సైనిక పాఠశాలలో బోధించారు. ఊరిబడి గడప తొక్కనివ్వని కాలంలో అంటరాని కులాల పిల్లలకు అక్షరం అందించిన చోట్లలో కంటోన్మెంటు ఒకటి. నెలజీతం, చదువు, ఆపై పింఛను: ఈ మూడూ కలిసి ఒక తరాన్ని వెట్టి నుంచి తప్పించాయి.

అయితే ఆ తలుపు ఎప్పుడూ తెరిచి లేదు. ఈస్టిండియా కంపెనీ సేనల్లో మహార్లు, పరయర్లు, తెలుగువారు విస్తారంగా ఉండేవారు. ఉత్తరాదిలో సిపాయికి ‘తిలంగా’ అన్న పేరే వాడుకలో ఉండేది. 1857 తిరుగుబాటు తర్వాత బలపడిన ‘యోధ జాతుల’ సిద్ధాంతం ఈ వర్గాలను పోరాటానికి పనికిరానివారిగా తేల్చింది. 1890ల ఆరంభంలో మహార్ల భర్తీ ఆగిపోగా, విశ్రాంత సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ దాన్ని పునరుద్ధరించాలని 1894లో మహజరు సిద్ధం చేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు కావలసివచ్చి 1917లో మహార్ల దళాన్ని ఏర్పరిచి, యుద్ధం ముగిశాక రద్దు చేశారు. 1941లో మహార్ రెజిమెంట్ ఏర్పడి నేటికీ కొనసాగుతుండగా, 1943లో ఏర్పడిన చమార్ రెజిమెంట్‌ను 1946లో రద్దు చేశారు. అక్కర ఉన్నప్పుడు పిలవడం, తీరాక పంపించివేయడం దళిత సైనికులకు కొత్త అనుభవం కాదు.

నేటి నిబంధనలను ఈ వెలుగులో చూడాలి. అగ్నివీరుడిగా చేరడానికి ప్రకటించిన వయసు పదిహేడున్నర నుంచి 21 ఏళ్లు. జనరల్ డ్యూటీకి పదోతరగతిలో మొత్తం మీద 45 శాతం మార్కులు కావాలి. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాతే దేహదార్ఢ్య పరీక్ష. 1.6 కిలోమీటర్ల పరుగును అయిదున్నర నిమిషాల్లో ముగించినవారికి పూర్తి మార్కులు. ఇంత వడపోత దాటినవారికి దక్కేది నాలుగేళ్ల కొలువు. ఆ తర్వాత శాశ్వత సర్వీసుకు తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే.

జీతం మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, నాలుగో ఏడాదికి 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి మినహాయిస్తారు కనుక మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000, చివరి ఏడాది 28,000. నాలుగేళ్లలో సైనికుడి వాటా 5.02 లక్షలు; ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు ఇచ్చి పంపిస్తారు. అంటే కానుకలా కనిపించే ఆ మొత్తంలో సగం అతని జీతమే. కరవు భత్యం లేదు, మిలిటరీ సర్వీస్ పే లేదు, గ్రాట్యుటీ లేదు, పింఛను లేదు. విధి నిర్వహణలో మరణిస్తే 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం ఉన్నాయి. కుటుంబ పింఛను మాత్రం లేదు. రెగ్యులర్ సిపాయికి ఏడో వేతన సంఘం ప్రకారం 21,700 మూలవేతనం, 5,200 మిలిటరీ సర్వీస్ పే, కరవు భత్యం, పదిహేనేళ్ల సర్వీసు తర్వాత జీవితాంతం పింఛను ఉండేవి.

పింఛను భారం మోయలేమన్నది ఈ మార్పును సమర్థించేవారి ప్రధాన వాదం. 2022–23 రక్షణ బడ్జెట్ 5.25 లక్షల కోట్లలో పింఛన్లకు సుమారు 1.2 లక్షల కోట్లు కేటాయించిన మాట నిజమే. అయితే ఆ మొత్తంలో రక్షణ శాఖ పౌర ఉద్యోగుల పింఛన్లూ కలిసి ఉన్నాయి. పైగా అగ్నిపథ్ వర్తించేది అధికారి స్థాయికి దిగువన ఉన్నవారికే. 56,100 మూలవేతనంతో మొదలై, 15,500 మిలిటరీ సర్వీస్ పే అందుకునే అధికారికి నాలుగేళ్ల ఒప్పందం పెట్టలేదు. పొదుపు భారాన్ని నిచ్చెన కింది మెట్టుపైనే మోపారు.

ఆ మెట్టుపై నిలిచినవారంతా ఒక్కలాంటివారు కారు. పొలం ఉన్న ఇంటి యువకుడు 11 లక్షలను పెట్టుబడిగా మలచుకోగలడు. భూమిలేని ఇంట్లో ఆ డబ్బు అప్పులకూ, చెల్లెలి పెళ్లికీ కరిగిపోతుంది. ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ సమాన ధ్రువపత్రం ఇస్తామన్నారు. కానీ అతను తిరిగి వచ్చేసరికి ఈడువాళ్లు డిగ్రీ పూర్తిచేసి ఉంటారు. కేంద్ర సాయుధ బలగాల్లో 10 శాతం కోటా ప్రకటించారు. కోటాలో పోటీపడే అవకాశానికీ చేతిలోని ఉద్యోగానికీ చాలా దూరం ఉంది.

సైనిక పోస్టుల భర్తీలో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు లేవు. ‘అఖిల భారత, అన్ని వర్గాల’ ప్రాతిపదికన భర్తీ అని అగ్నిపథ్‌లో ప్రకటించడం స్వాగతించదగిందే. కుల ప్రాతిపదికన రెజిమెంట్లు నింపే వలస విధానం ఎప్పుడో పోవలసింది. కానీ అవకాశం అందరికీ దక్కిందో లేదో లెక్కలు లేకుండా తెలిసేదెలా? 2022 జులైలో అభ్యర్థుల నుంచి కుల ధ్రువపత్రం అడగడంపై విమర్శలు వచ్చినప్పుడు, అది పాత పద్ధతేనని ప్రభుత్వం చెప్పింది. పత్రం తీసుకుంటున్నప్పుడు, ఏ వర్గం నుంచి ఎందరు చేరారో, ఎందరు మిగిలారో చెప్పడానికి అడ్డేమిటి?

2022 చివర, 2023 ఆరంభంలో శిక్షణకు వెళ్లిన తొలి బ్యాచ్ గడువు 2026–27లో తీరుతుంది. శాశ్వత సర్వీసుకు ఎంపికైన 25 శాతం, ఇంటిదారి పట్టిన 75 శాతం మంది సామాజిక వివరాలను ప్రభుత్వం పార్లమెంటు ముందుంచాలి. ఎంపిక ప్రమాణాలను అభ్యర్థులకు రాతపూర్వకంగా తెలపాలి. గ్రాట్యుటీనీ, మరణించినవారి కుటుంబాలకు పింఛనునూ వర్తింపజేయాలి. మన రెండు రాష్ట్రాల దళిత, బహుజన ప్రతినిధులు ఈ డిమాండ్లను సభలో వినిపించాల్సిన సమయమిది.