పల్లె మురుగు, కార్ఖానాల విషము

గ్రామమునకు మంచినీరు తెచ్చిన ప్రభుత్వమును ప్రజలు కొనియాడుదురు. వాడుకొనిన పిమ్మట ఆ నీరెచటికి పోవుచున్నదని యడుగువారరుదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ, పల్లెలలో తలకు దినమునకు 100 లీటర్ల నీరిచ్చుట లక్ష్యముగా గైకొన్నది. రెండువేల జనముగల గ్రామమునకు ఈ లెక్కను రెండు లక్షల లీటర్లు వచ్చును. అందు చాలభాగము మురుగై తిరిగి వీధికే చేరును. కొళాయితోబాటు కాలువ రానిచోట ఆ మురుగు వాకిట నిలిచి దోమలను పెంచును. లేదా చెరువును చెరచును.

సంగారెడ్డి జిల్లాలోని సుల్తాన్‌పూర్ ప్రాంతమునకు ఈ ప్రశ్న మఱింత తీవ్రమైనది. 2017లో అచట వైద్యపరికరముల పార్కునకు శంకుస్థాపన జరిగినది. పరిశ్రమలు వచ్చుట మాకు సమ్మతమే. కాని దాపుననున్న పటాన్‌చెరు నేర్పిన పాఠమును మఱచుట మాత్రము సమ్మతము గాదు.

1970 దశకమునుండి పటాన్‌చెరులో కార్ఖానాలు వెలసినవి. వాని వ్యర్థజలము నక్కవాగున బడి మంజీర దిక్కునకు సాగినది. పొలములు, బావులు చెడినవి. 1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టు కెక్కినది. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రము నెలకొన్నది. అంతటితో చింత తీరెనా? సుమారు 90 మందుల కార్ఖానాల నీటిని గ్రహించు ఆ కేంద్రమునుండి శుద్ధియై వెలువడిన నీటిలో, లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ మందున్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి రక్తమున నుండు పాలుకన్న ఇది యెక్కువ! తరువాత ఆ నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టముద్వారా అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగినది. నక్కవాగు భారము మూసీపై బడినది. తన పెరటి చెత్తను పొరుగువాని వాకిట పోసినట్లయినది.

ఇందలి దోషము పాఠకులు గ్రహింపవలెను. మురుగును నిజముగా శుద్ధిచేయునవి యంత్రములు గావు, సూక్ష్మజీవులు. అవి మాలిన్యమును తిని నీటిని తేటపఱచును. అందు సూక్ష్మజీవులను చంపు మందులను గలిపినచో కొన్ని చచ్చును. మిగిలినవి ఆ మందులకు లొంగనివై, ఆ మొండితనమును రోగక్రిములకు సైతము పంచిపెట్టును. తోడులో సున్నము కలిపి పెరుగు కాలేదని వగచుట యెట్టిదో, గృహముల మురుగును మందుల మురుగును ఏకము చేయుట యట్టిది.

ప్రత్యేక శుద్ధి చిన్న కార్ఖానాలకు భారమని కొందఱందురు. నిజమే. కాని ఆ భారము మందు వెలలో నుండవలెనేగాని రైతు బావిలో నుండరాదు.

పల్లె మురుగు స్వతహాగా సాధువైనది. జాగా యున్న యింట, బావికి దూరముగా ఇంకుడుగుంత చాలును. ఇండ్లు క్రిక్కిఱిసినచోట చిన్న కాలువ, దాని చివర వరుసగా రెండు మూడు కుంటలు చాలును. మొదటిదానిలో మడ్డి దిగును. తక్కిన వానిలో ఎండయు, నాచును పని నెఱవేర్చును. విద్యుచ్ఛక్తి యక్కఱలేదు. కొన్నియేండ్ల కొకమాఱు మడ్డి తీయించిన జాలును. ఆ నీరు చెట్లకు, పశుగ్రాసమునకు పనికివచ్చును. 2021–26 కాలమునకు పదునైదవ ఆర్థికసంఘము గ్రామపంచాయతీల నిధులలో నూటికి 30 పాళ్లు పారిశుధ్యమునకే ప్రత్యేకించినది. కావున ధనము లేదన్న మాట పూర్తిగా చెల్లదు.

పాలన పంచాయతీదైనను, పురపాలక సంఘముదైనను మేము కోరునది యొక్కటే: ఊరి మురుగు ఊరిలోనే, కార్ఖానా మురుగు దాని గేటు లోపలనే శుద్ధికావలెను, రెండును ఎచటను కలియరాదు. బావి చెడినదని రైతు ఋజువు చూపుటగాక, తన నీరు నిర్దోషమని కార్ఖానాయే నెలనెలకు ఊరి చావడిలో ఋజువు చూపవలెను. పునాదులు పడునపుడే యీ నియమమును పట్టుబట్టి సాధింపుడు. బావి చెడిన పిమ్మట న్యాయస్థానము తీర్పు నీయగలదుగాని తీయని నీటి నీయజాలదు.