పాట చెవికా? ఇంటికా?



మొన్న వేసవిలో మా యింట జరిగిన సంగతి ఇది. మధ్యాహ్నం వేళ మా అమ్మ పెరటి మెట్టు మీద జారి పడింది. పడినచోటి నుండే మనవణ్ణి పిలిచింది. వాడు ముందు గదిలోనే ఉన్నాడు గాని చెవుల్లో ఇయర్‌ఫోన్లు! చివరికి పక్కింటి సహోదరి విని పరుగున వచ్చి లేవదీసింది. దెబ్బ పెద్దది కాదు. కాని "ఎంత పిలిచినా పలకలేదురా నాయనా" అని అమ్మ అన్నప్పుడు వాడు తల ఎత్తలేకపోయాడు.

నాకు కోపం వచ్చింది. ఇయర్‌ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేశాను. "ఇకమీదట పాట వింటే ఇంటిల్లిపాదీ వినేటట్టు పెట్టు" అన్నాను. పాత స్టీరియో బాక్సులు అటక మీద నుండి దించాడు. వారం తిరగకముందే ఆ సహోదరే గుమ్మంలో నిలబడింది. "అయ్యగారూ, మా అమ్మాయికి సప్లిమెంటరీ పరీక్షలండీ. రాత్రిపూట సౌండు కాస్త తగ్గిస్తారా?" ఈసారి తల దించుకోవడం నా వంతయింది.

1979లో సోనీ కంపెనీ మొదటి వాక్‌మన్‌ను తెచ్చినప్పుడు, ఒక్కరే వినడం మర్యాద కాదని ఆ సంస్థ పెద్ద అకియో మొరిటా తలంచారు. అందుకే ఇద్దరు కలిసి వినేలా రెండు హెడ్‌ఫోన్లు తగిలించే ఏర్పాటు పెట్టించారు. కొన్నవారు మాత్రం ఎవరిది వారే వినడానికి ఇష్టపడ్డారు. తరువాతి కాలంలో ఆ రెండో రంధ్రం పోయింది.

రెండింటికీ దేని మేలు దానికుంది. బాక్సులు ఎదురుగా ఉంటే రెండింటి శబ్దమూ రెండు చెవులకూ చేరుతుంది, పాడేవారు మన ముందు నిలబడినట్టుంటుంది. హెడ్‌ఫోన్‌లో ఎడమది ఎడమ చెవికే, కుడిది కుడి చెవికే వెళ్తుంది గనుక పాట తలలోపల మోగుతున్నట్టుంటుంది. తబలా మీద వేలి కదలిక కూడా తెలుస్తుంది.

హద్దు రెండింటికీ ఉంది. పెద్దవారు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చునని, 100 డెసిబెల్స్ అయితే 20 నిమిషాలే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చెవి లోపలి సన్నని వినికిడి కణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. బస్సు రొదను మించాలని సౌండు పెంచే పిల్లలకు ఈ మాట చెప్పండి. ఇక 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 నుండి ఉదయం 6 వరకు.

మేము కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. సాయంత్రం ఒక గంట బాక్సుల్లో పాటలు: ఒకటి నాయనమ్మ కోరింది, ఒకటి మనవడు కోరింది. పొరుగువారికి వినబడనంత సౌండు. తరువాత ఇయర్‌ఫోన్లు, అదీ సగం సౌండుకు మించకుండా. ఇంట్లో నాయనమ్మ, తను మాత్రమే ఉంటే ఒక చెవి ఖాళీగా ఉంచాలి.

మొన్న నేను ఊరి నుండి వచ్చేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఒక ఇయర్‌ఫోన్ వాడి చెవిలో, రెండోది మా అమ్మ చెవిలో. "ఈ పాటలో మాటలు ఒక్కటీ తెలియడం లేదురా" అంటూనే ఆమె కాలితో తాళం వేస్తోంది.

మీ పిల్లలు ఏం వింటున్నారో ఈ వారం అడిగి చూడండి. గద్దించడానికి కాదు, పక్కన కూర్చుని వినడానికి.