బురదలో భాస్వరం.. వడపోతలో భద్రం!

ఫ్లష్‌ నొక్కగానే మన పని అయిపోయిందనుకుంటాం. మురుగునీటి శుద్ధి కేంద్రంలో నీళ్లు తేరుకుని బయటికి పోతాయి, నల్లటి బురద మాత్రం మిగులుతుంది. దీన్ని ఇన్నాళ్లూ వదిలించుకోవాల్సిన బెడదగానే చూశారు. కొన్నిచోట్ల పొలాలకు తోలారు, మరికొన్నిచోట్ల గుట్టలుగా పోశారు. జర్మనీ ఇప్పుడు ఈ పద్ధతిని మార్చేస్తోంది. 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం.. లక్ష మందికి పైగా జనాభా స్థాయి ఉన్న శుద్ధి కేంద్రాలు 2029 నుంచి, 50 వేలు దాటినవి 2032 నుంచి బురదలోని భాస్వరాన్ని తిరిగి రాబట్టాలి. బురదలోని ఎండు పదార్థంలో అది 2 శాతం ఉంటే చాలు, ఈ నిబంధన వర్తిస్తుంది.

భాస్వరమే ఎందుకు?

ఎముకలకు, పళ్లకు, డీఎన్‌ఏకు భాస్వరం కావాలి. పైరుకూ కావాలి. దీన్ని ఫ్యాక్టరీలో పుట్టించలేం, గనుల్లోంచి తవ్వుకోవాల్సిందే. ప్రపంచ ఫాస్ఫేట్‌ రాతి నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో చేతిలోనే ఉన్నాయి. మనం ముడిరాయి, ఫాస్ఫారిక్‌ ఆమ్లం, డీఏపీ.. మూడింటికీ దిగుమతులపైనే ఎక్కువగా ఆధారపడుతున్నాం.

మనం తిన్న భాస్వరంలో చాలావరకు మలమూత్రాల్లోనే పోతుంది. మనిషికి రోజుకు 1 గ్రాము చొప్పున వేసుకున్నా, కోటి మంది ఉన్న హైదరాబాద్‌లాంటి నగరం నుంచి ఏడాదికి 3,650 టన్నులు మురుగులో కలుస్తుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో ఉండే భాస్వరం దాదాపు 10 కిలోలు. అంటే మనం వదిలేస్తున్నది 3.65 లక్షల బస్తాలకు సమానం!

నేరుగా చల్లితే ముప్పు

మరి బురదను అలాగే పొలంలో చల్లితే పోదా? అక్కడే ఆరోగ్యానికి చిక్కు. అందులో నులిపురుగుల గుడ్లు, రోగకారక బ్యాక్టీరియా, మందుల అవశేషాలు, సీసం, కాడ్మియం ఉండొచ్చు. కాడ్మియం పంట ద్వారా ఒంట్లోకి చేరితే ఏళ్ల తరబడి పేరుకుని కిడ్నీలను దెబ్బతీస్తుంది. నాన్‌స్టిక్‌ పూతల తయారీలో వాడే ‘పీఫాస్‌’ రసాయనాలైతే మట్టిలో ఓ పట్టాన విచ్ఛిన్నం కావు. పొలాల్లో ఇవి బయటపడటంతో అమెరికాలోని మెయిన్‌ రాష్ట్రం 2022లో బురద చల్లడాన్నే నిషేధించింది.

డయాలసిస్‌ లాంటిదే

మంచిని, చెడును వేరుచేయడంలో మెంబ్రేన్‌ వడపోత అక్కరకొస్తుంది. డయాలసిస్‌లో పలుచటి పొర రక్తంలోని వ్యర్థాలను వదిలి, రక్తకణాలను, ప్రొటీన్లను ఆపుతుంది కదా! ఇక్కడా సూత్రం అలాంటిదే. ముందు బురదకు ఆమ్లం కలిపితే భాస్వరం ద్రవంలోకి దిగుతుంది, దాంతోపాటు లోహాలూ దిగుతాయి. ఆ ద్రవాన్ని అల్ట్రాఫిల్ట్రేషన్‌ పొర గుండా పంపితే సన్నటి మడ్డి, బ్యాక్టీరియా ఆగిపోతాయి. తర్వాతది ఇంకా సూక్ష్మమైన నానోఫిల్ట్రేషన్‌ పొర. బాగా ఆమ్లంగా ఉన్న ద్రవంలో భాస్వరం ఎక్కువగా విద్యుదావేశం లేని చిన్న ఫాస్ఫారిక్‌ ఆమ్ల అణువుల రూపంలో ఉంటుంది, కాబట్టి పొరను దాటిపోతుంది. ఆవేశం ఎక్కువగా ఉండే లోహ అయాన్లు చాలావరకు ఇవతలే నిలిచిపోతాయి. గనుల రాతిలోనూ కాడ్మియం ఉంటుంది. కాబట్టి జాగ్రత్తగా వడగట్టిన భాస్వరం దానికన్నా శుభ్రంగా ఉండే అవకాశముంది.

చిక్కులూ ఉన్నాయి

పొరల రంధ్రాలు జిగురు పదార్థాలతో తరచూ పూడుకుపోతాయి. కడగడానికి, ఒత్తిడితో పంపడానికి, ఆమ్లానికి ఖర్చవుతుంది. అందుకే జర్మనీలో చాలా ప్రాజెక్టులు బురదను కాల్చి, ఆ బూడిదలోంచి భాస్వరం తీయడంవైపు మొగ్గాయి. పైగా వడపోతతో విషం మాయమైపోదు, ఒకచోట పోగుపడుతుంది. ఆ మిగులును భద్రంగా పారబోయకపోతే ముప్పు చోటు మారుతుందంతే.

మన దగ్గర కొత్త శుద్ధి కేంద్రాలు వస్తున్నకొద్దీ బురదా పెరుగుతుంది. ఖరీదైన యంత్రాలకన్నా ముందు చేయాల్సినవి రెండున్నాయి. పరిశ్రమల వ్యర్థాలు ఇళ్ల మురుగులో కలవకుండా ఆపాలి. లోహాలకు, క్రిములకు పరీక్ష చేయకుండా బురదను ఏ రైతుకూ ఇవ్వకూడదు. దాన్ని ఎత్తిపోసే కార్మికులకు గ్లవుజులు, బూట్లు ఇవ్వాలి. ఇంట్లో మనమూ గడువు తీరిన మాత్రలను, మిగిలిన పెయింటును టాయిలెట్‌లో పోయకుండా ఉండాలి. మనం కాలువలోకి వదిలింది ఎప్పుడో ఒకప్పుడు మన కంచంలోకే తిరిగొస్తుంది మరి!