పెట్టె మార్చే ముందు

కంప్యూటర్ ల్యాబులో నెట్ పోతూ వస్తూ ఉందని ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు కిందటి నెల పిలిస్తే వెళ్లాను. రెండు నెలల్లో స్విచ్ ఒకసారి, దానికి తగిలించే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ రెండుసార్లు మార్చారు. అయినా అదే తంతు. ఆఫీసు బిల్డింగు నుంచి ల్యాబుకి ఉన్న మూడు వందల మీటర్ల ఫైబర్ తీసేసి కొత్తది లాగాల్సిందేనని కాంట్రాక్టరు కొటేషన్ రాసిచ్చాడు. ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం నా చేతికిచ్చి, “ఇంక ఇదొక్కటే మిగిలిందటండీ” అన్నారు. అప్పటిదాకా ఆ లైన్లో వెలుగు ఎంత వస్తోందో ఒక్కరూ కొలవలేదు.

పవర్ మీటరుతో కొలిచాను. వెలుగు బలాన్ని కొలిచే లెక్క డీబీఎమ్. ఆఫీసు దగ్గర మైనస్ 6 డీబీఎమ్‌తో బయల్దేరిన వెలుగు ల్యాబులో మైనస్ 13 చూపించింది. అంత చిన్న దూరానికి ఒకటో, మహా అయితే రెండో తగ్గాలి. మూడు తగ్గితేనే వెలుగు సగమైపోయినట్టు లెక్క. అయినా 13 దగ్గర లింకు నిలబడుతుంది. మరి ఎందుకు పోతోంది? మీటరును ర్యాక్ లోపలే వదిలి అద్దం తలుపు మూశాను. నా కళ్ల ముందే అంకె మైనస్ 21కి పడిపోయింది. తలుపు వచ్చి ప్యాచ్ కార్డును ఇనప చట్రానికేసి అదిమేస్తోంది. బాగుచేయడానికి వచ్చిన ప్రతివాళ్లూ తలుపు తీసి పని చేశారు, నెట్ వచ్చింది, తలుపు మూసి వెళ్లారు.

మిగిలిన నష్టం కనెక్టర్ కొసన దొరికింది. సింగిల్ మోడ్ ఫైబర్లో వెలుగు నడిచే దారి వెడల్పు 9 మైక్రాన్లు, తలవెంట్రుకలో ఏడెనిమిదో వంతు. దాని మీద వేలి జిడ్డు అంటినా చాలు, వెలుగు తగ్గిపోతుంది. స్కోపులో చూస్తే గుండ్రటి గాజు ముఖం మీద సరిగ్గా నడిమధ్యలో మరక. నూగు రాని గుడ్డకు ఆల్కహాల్ అద్ది, ఒకే వైపుకి తుడిచి, పొడిగుడ్డతో మరోసారి తుడిచాను. పొడవైన ప్యాచ్ కార్డు వేసి వదులుగా చుట్టాను. మైనస్ 8. తలుపు మూసినా మైనస్ 8.

ముందు వచ్చినవాళ్లు పని రానివాళ్లని నేననను. లోపం మనం బిల్లు కట్టే పద్ధతిలో ఉంది. స్విచ్‌కి డబ్బిస్తాం, కేబుల్‌కి మీటరు లెక్కన ఇస్తాం. కొలిచినందుకు, తుడిచినందుకు పైసా ఇవ్వం. పెట్టె మారిస్తేనే బిల్లు పాసయ్యే చోట పెట్టె మారుస్తారు.

ఈ తీరు కాలేజీల్లోనే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్లు పాకింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. గాలికీ లారీలకీ తెగిన తీగను ఎండలో రోడ్డు పక్క కూర్చుని అతికించే కుర్రాళ్లను చూడండి. గాజు పోగు పైపూత ఒలిచి, తుడిచి, కొసను సరిగ్గా అడ్డంగా కోసి, మిషన్లో పెడితే రెండు కొసలూ కరిగి ఒకటవుతాయి. జాయింటు కుదిరితే నష్టం డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. అంత సున్నితమైన పనికి చాలాచోట్ల కంప్లైంటుకి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. అలాంటప్పుడు తీరిగ్గా కొలిచే ఓపిక వాళ్లకెక్కడిది?

ఇంట్లో పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే మీరూ ఒక మాట అడగొచ్చు: “బాబూ, పవర్ ఎంత వస్తోంది?” మామూలు ఇంటి కనెక్షన్‌కి మైనస్ 27 కంటే కిందికి పడిందంటే పెట్టె మార్చినా లాభం లేదు, వెతకాల్సింది తీగలో. ఆకుపచ్చ కొస ఉన్న కనెక్టర్‌ను నీలం దానికి తగిలించారేమో కూడా చూడమనండి. ఆకుపచ్చ దాని ముఖం 8 డిగ్రీలు వాలుగా ఉంటుంది, రెండూ ఆనవు. ఊడదీసిన కొసలోకి మాత్రం తొంగిచూడకండి. ఆ వెలుగు కంటికి కనిపించదు గానీ కంటికి హాని చేయగలదు.

కొత్తగా వేయించుకునేవాళ్లకు నా సలహా సూటిగా చెబుతాను. రెండు బిల్డింగుల మధ్య రాగి తీగ వద్దు. అది వంద మీటర్లకు మించి పనికిరాదు. పైగా వేసవిలో దగ్గర్లో పిడుగు పడితే రెండు చివరల స్విచ్‌లూ ఒకేసారి పోవచ్చు. ఆ మాడు వాసన నాకు బాగా తెలుసు. గాజులో కరెంటు పారదు. ఫైబర్లోనూ సింగిల్ మోడే వేయించండి, రేపు వేగం పదింతలు కావాలన్నా తీగ మార్చక్కర్లేదు. రెండు పోగులు చాలన్న చోట ఆరు ఉంచుకోండి. తవ్వకం ఖర్చుతో పోలిస్తే పోగుల ఖర్చు లెక్కలోకి రాదు.

స్విచ్‌ల విషయంలో అన్నిటికీ ఖరీదైనవి అవసరం లేదు, నడిమధ్యది మాత్రం సెట్టింగులు మార్చుకోగలిగే మేనేజ్డ్ స్విచ్ కావాలి. ఊడ్చేటప్పుడు ఎవరో కింద పడ్డ కేబుల్ కొసను ఖాళీగా కనిపించిన పోర్టులో పెడతారు. రెండో కొస కూడా ఆ స్విచ్‌లోనే ఉంటే లూప్ పడి కాలేజీ మొత్తం నెట్ ఆగిపోతుంది. దీనికి విరుగుడైన స్పానింగ్ ట్రీ అనే పద్ధతిని కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ 1985లోనే ఇచ్చారు. చవక స్విచ్‌లలో చాలావాటికి అది ఉండదు.

ఆ కాలేజీ కొటేషన్ మీద ప్రిన్సిపాల్ గారి చేత ఒక వాక్యం రాయించాను: ప్రతి పోగుకీ రెండు చివరలా కొలిచిన అంకెలు ఇచ్చాకే ఇకపై బిల్లు చెల్లిస్తాం, ఆ కొలతకు విడిగా కూలి ఇస్తాం. ర్యాక్ తలుపు లోపలి వైపు తెల్లకాగితం అంటించి తేదీ, పోగు నంబరు, మైనస్ 8 అని రాశాను. దాని కింద పన్నెండు ఖాళీ గళ్లు గీశాను, నెలకొకటి. ల్యాబ్ అసిస్టెంటు అమ్మాయి మీటరు పట్టుకోవడం అప్పటికప్పుడే నేర్చుకుంది. ఈ నెల గడి నింపి నిన్న ఫొటో పంపింది.