లోపలి గొట్టం సంగతి ఎవరూ చెప్పలేదు

మా తమ్ముడికి గొంతు లేదు. అంటే ఉంది, గాలే దాని దాకా పోదు. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలి, మూడు వారాలు వెంటిలేటర్ మీద ఉన్నాక మెడ కింద రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ట్రేకియాస్టమీ. ఆ ఆపరేషన్ మీద నాకు కోపం లేదు, వాడు బతికింది దానివల్లే. కోపమంతా ఆ తర్వాత మమ్మల్ని ఇంటికి తోలేసిన తీరు మీద.

పిలవలేడు గనక పక్కన స్టీలు గ్లాసు, చెంచా పెట్టాం. నిజాం దగ్గర కొలువు చేసిన అరబ్బు సిపాయిల బ్యారక్సే మా పేట బార్కస్. ఆ సిపాయిల్లాగే మా ఇంట్లోనూ కాపలా డ్యూటీలు మొదలయ్యాయి. పొద్దుగూకేదాకా అమ్మ, అర్ధరాత్రి దాకా మరదలు, ఆపైన నేను. ఏం చూస్తూ కూర్చోవాలో మాత్రం ముగ్గురిలో ఎవరికీ తెలీదు.

ఇంటికొచ్చిన ఆరో రాత్రి. రంజాన్ నెల. రెండు దాటినా మండీ హోటళ్ల ముందు జనం తగ్గలేదు. గ్లాసు మోగింది. గొట్టంలోంచి సన్నటి ఈల, పెదాలు నీలం, కళ్లు నా మీదే. పక్కింటి చావూష్ చాచా ఆటో తీశాడు, దారంతా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఆస్పత్రి గేటు దగ్గర "చిట్టీ ఏదీ?" అన్నారు. లోపల "డాక్టరు పైన ఉన్నారు, ఆగండి" అన్నారు. ఊపిరాడనివాడు ఆగడమేమిటి? చివరికి ఒక సిస్టర్ వచ్చి, గొట్టం మూతి దగ్గరున్న చిన్న గొళ్లెం తిప్పి, లోపల్నుంచి ఇంకో గొట్టం లాగింది. దాని నిండా తుమ్మబంకలా గట్టిపడ్డ తెమడ. వాడి ఛాతీ ఎగసింది. అర నిమిషం కూడా పట్టలేదు.

"ఇది రోజూ రెండు మూడుసార్లు తీసి కడగాలమ్మా. చెప్పలేదా?"

లోపల ఇంకో గొట్టం ఉందనే మాకు తెలీదు! డిశ్చార్జి కాగితం చూపించాను. చిట్టచివర ఇంగ్లీషులో మూడు మాటలు: ట్రేకియాస్టమీ కేర్ అడ్వైజ్డ్. "రాశాం కదా" అన్నాడు కుర్ర డాక్టరు, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. ఎవరికి రాశారయ్యా? చదువురాని మా అమ్మకా?

ముక్కు గాలిని తడిపి, వెచ్చబరిచి లోపలికి పంపుతుంది. మెడలో గొట్టం ఉన్నవాడికి ఆ సాయం ఉండదు. ఎండాకాలపు పొడిగాలి నేరుగా దిగి తెమడను ఎండగడుతుంది. అందుకే తడి గాజుగుడ్డ, మిషన్‌తో తెమడ లాగే సక్షన్, కడగడం. గొట్టం పక్కన కొంచెం నెత్తురు కనబడి ఆగినా ఊరుకోకూడదు, లోపల పెద్ద రక్తనాళం ఒరుసుకుపోతుండొచ్చు. గొట్టం తీసేసిన నెలల తర్వాత కూడా శ్వాసనాళం మచ్చకట్టి ఇరుకు కావచ్చు. ఇవన్నీ నేను ఆ రాత్రి తర్వాత అడిగి అడిగి నేర్చుకున్నవి. వాళ్లకు మొదటి నుంచీ తెలిసినవి. బ్రిటన్ మత్తు డాక్టర్లు దేశమంతా ఆరా తీసి 2011లో ఇచ్చిన నివేదికలో, ఐసీయూల్లో శ్వాసదారి తప్పి పోయిన ప్రాణాలకు, చెడిన మెదళ్లకు అన్నిటికన్నా పెద్ద కారణం స్థానం తప్పిన ఈ గొట్టాలేనని తేలింది. 24 గంటలూ నర్సులు కాసుకునే చోటే అంత గండమైతే, సక్షన్ మిషన్ లేని రెండు గదుల ఇంటికి ఏ ధైర్యంతో పంపారు?

రోగులు ఎక్కువ, సిస్టర్లు తక్కువ అంటారు. నిజమే, చూశాను. కానీ మేం ఆ వార్డు వరండాలో రోజుల తరబడి ఊరికే కూర్చున్నాం. అందులో పది నిమిషాలు ఎవరైనా పిలిచి చూపిస్తే చాలేది.

డాక్టర్లకు ఒక్క మనవి. ఇంటివాళ్లలో ఒకరి చేత మీ కళ్లముందు రెండుసార్లు ఆ లోపలి గొట్టం తీయించండి, కడిగించండి, పెట్టించండి. అప్పుడు సంతకం చెయ్యండి. అందాకా మంచం ఖాళీ చెయ్యమనకండి.